గెలిచినా కూర్చోని సారు

ఆయన జ్ఞాపకార్థ కూడిక కరపత్రం మొన్న మా జిన్నింగు మిల్లు తూకం గదికి వచ్చింది. ఆళ్లగడ్డ బస్సు కండక్టరు తెచ్చి, కాటా మీద పెట్టి పోయాడు. చుట్టూ నల్ల అంచు, పైన సిలువ, మధ్యలో ఆయన ఫొటో. ఫొటోలో కళ్లద్దాలు ఉన్నాయి, చొక్కా జేబులో సుద్దముక్క లేదు. సుద్దముక్క లేకుండా నేను ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు. కింద ఆయన గుణగణాలు రాశారు. దైవభక్తి, క్రమశిక్షణ, విద్యార్థుల మీద ప్రేమ. వాటి మీద నాకు అభ్యంతరం లేదు. చివరి వాక్యం మీద ఉంది. "తన జీవితకాలంలో ఏ ఒక్కరి మనసూ నొప్పించి ఎరుగరు" అని అచ్చువేశారు.

నా మనసు నొప్పించాడు. ఒకసారి కాదు. అచ్చువేసే ముందు నన్ను అడిగి ఉంటే తారీఖులతో సహా చెప్పేవాణ్ని. ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ఆళ్లగడ్డలో మిషన్ బడి లెక్కల సారు. భార్య నంద్యాలలో ఆసుపత్రి నర్సు. వారమంతా ఆళ్లగడ్డలో అద్దె గదిలో ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సుకు నంద్యాల వచ్చేవాడు. బస్సు టికెట్టు పారేసేవాడు కాదు. దాని మీది అంకెలన్నీ కూడి, ఎంత వచ్చిందో వెనక రాసి, జేబులో పెట్టుకునేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను. "ఊరికే కూచుంటే మనిషి పక్కోని మీద ఆలోచన పెట్టుకుంటాడప్పా" అన్నాడు. ఆ మాట నన్ను ఉద్దేశించే అన్నాడని అప్పుడే అనుకున్నాను. ఇప్పుడూ అనుకుంటున్నాను.

మా ఇద్దరికీ తగాదా ఎక్కడొచ్చిందో చెప్పాలి. నంద్యాల ఊరి చివర పొలాల్లో అరవై రెండు ప్లాట్లు వేసి, మేమంతా ఒక ఇండ్ల సహకార సంఘంగా ఏర్పడ్డాం. ప్లాట్లకూ రోడ్డుకూ మధ్య ఒక పిల్లకాలువ. దాని మీద రెండు నాపబండలు పరిచి ఉండేవి. మనిషి నడవొచ్చు, సైకిలు దిగి నెట్టుకోవచ్చు. బండి రాదు. బండి రాకపోతే ఇటుకా ఇసుకా రావు. ఇటుకా ఇసుకా రాకపోతే ఇల్లు లేవదు. కాబట్టి కల్వర్టు కావాలి. సంఘానికి ఒక్క కల్వర్టు కట్టే శక్తి ఉంది. అది ఉత్తరం వరస ముందు కట్టాలా, దక్షిణం వరస ముందు కట్టాలా అన్నదే ప్రశ్న. రెండు కొసలకూ మధ్య దూరం పెద్దది కాదు. కానీ నేల నల్లరేగడి. వానాకాలం ఉత్తరం కొసన దిగిన ఎద్దులబండి దక్షిణం కొసకు చేరాలంటే మళ్లీ చలి మొదలవ్వాలి.

ఆయనది ఉత్తరం వరస. నాది దక్షిణం. నా ఇల్లు పునాది దాకా లేచి ఆగిపోయింది. మేము అద్దెకున్న ఇంటి ఆసామి ఖాళీ చేయమని అడుగుతున్నాడు. మొదట్లో నోటితో అడిగేవాడు, తరువాత మా నీళ్లతొట్టి బోర్లించడం మొదలుపెట్టాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు మా సంఘానికి మొదటి ఎన్నిక వచ్చింది. తొమ్మిది మంది డైరెక్టర్లు కావాలి. ఎనిమిది మందిని మాట్లాడుకుని ఏకగ్రీవం చేసుకున్నారు, ఉత్తరం వరస నుంచి నలుగురు, దక్షిణం నుంచి నలుగురు. ఇక తొమ్మిదో కుర్చీ ఎవరిదైతే కల్వర్టు వాళ్లది. ఉత్తరం వాళ్లు సారును నిలబెట్టారు. దక్షిణం నుంచి నేను నిలబడ్డాను. నన్ను ఎవరూ నిలబెట్టలేదు, వేరెవరూ ముందుకు రాలేదు. ఆ సంగతీ నేను మరిచిపోలేదు.

అరవై రెండు మందీ ఓటేశారు. ముప్పై ఒకటి, ముప్పై ఒకటి వచ్చాయి.

సహకార శాఖ నుంచి వచ్చిన ఎన్నికల అధికారి మళ్లీ లెక్కపెట్టాడు. అదే వచ్చింది. మూడోసారి చీట్లు పరుస్తుంటే సారు వెళ్లి పక్కన నిలబడి, "ఎన్నిసార్లు కూడినా కూడిక మారదు సార్" అన్నాడు. అధికారి తన పుస్తకం తీసి చదివాడు. ఓట్లు సమానమైతే చీటీ వేయాలట. గ్లాసులో తాగగా మిగిలిన నీళ్లు కిటికీలోంచి పారబోసి, గ్లాసు తువ్వాలతో తుడిచి, ఇద్దరి పేర్లూ రాసి మడిచి అందులో వేశాడు. మేము కూడిన బడి అటెండరు కళ్లు మూసుకుని ఒకటి తీశాడు. సారు పేరు వచ్చింది.

"నమస్కారం సార్. మీరే గెలిచినారు. ఈడ సంతకం పెట్టండి."

సారు కలం అందుకోలేదు. "నేను గెలవల్యా సార్. గ్లాసు గెలిచింది."

"రూలు అట్లుంది సార్."

"రూలు మీ పుస్తకంలో అట్లుంది. మా పుస్తకంలో సిలువ కింద సైనికులు చీట్లేసుకున్నారు, ఆయన అంగీ కోసం. చీటీతో వచ్చిన కుర్చీలో నేను కూచోను."

అధికారి తల నా వైపు తిప్పాడు. "ఆయన వద్దంటాండాడు. నువ్వు కూచుంటావా?"

"కిందపడింది ఏరుకునేటోన్ని కాదు సార్ నేను" అన్నాను.

"ఏం మనుషులప్పా మీరు" అని, సారు ఎన్నికైనట్టు పుస్తకంలో రాసేసి, సంచి చంకన పెట్టుకుని అధికారి బస్సుకు పోయాడు.

ఇక్కడ నా మొదటి ఫిర్యాదు. ఓడిపోవడం నాకు కొత్త కాదు. మిల్లులో హెడ్ గుమాస్తా పని నాకు రావలసింది వేరొకడికి పోయింది. మా పెదనాయన పంపకాల్లో బావి ఉన్న చెక్క నాకు రావలసింది, రాలేదు. ఓడినవాడికి ఒక సౌకర్యం ఉంటుంది, గెలిచినవాడి మీద అర్జీలు పెట్టుకోవచ్చు. సారు గెలిచి కూర్చుని ఉంటే మూడేళ్లు నేను నిమ్మళంగా అర్జీలు పెట్టుకునేవాణ్ని. ఆయన నన్ను సరిగా ఓడిపోనివ్వలేదు.

పోనీ రాజీనామా ఇమ్మన్నాం, మళ్లీ ఎన్నిక పెట్టుకుంటామని. "చేరనోడు రాజీనామా ఎట్లిస్తాడప్పా?" అన్నాడు. మాటలో తప్పు దొరకలేదు. నేను వెతికాను.

నేను ఊరుకోలేదు. వాళ్ల పాస్టరు దగ్గరికే పోయి విచారించి, ఒక విషయం పట్టుకుని వచ్చాను. తరువాతి శనివారం బస్సు దిగగానే ఆపాను.

"సార్, మీ పుస్తకంలోనే శిష్యులు గూడా చీట్లేసి పన్నెండోవాన్ని ఎన్నుకున్నారంట గదా?"

"ఎన్నుకున్నారు."

"మరి?"

"ఆ పన్నెండోవాడు కూచున్నాక ఏం పని చేసినాడో పుస్తకంలో యాడన్నా రాసిందా? పోయి అడిగిరా."

పోయి అడిగాను. రాయలేదట.

అలా తొమ్మిదో కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం బడి గదిలో సమావేశం. ప్రతి నెలా కల్వర్టు విషయం వచ్చేది. నాలుగు చేతులు ఇటు, నాలుగు చేతులు అటు. అధ్యక్షుడు నూనె మిల్లు ఆసామి. సమానమైతే ఆయన ఇంకో ఓటు వేసి తేల్చవచ్చు. ఆ ఓటును ఆయన ప్రతిసారీ వాయిదా వేయడానికే వాడాడు. "అది తీసి వాడితే సగం కాలనీకి నూనె అమ్ముకోలేనప్పా" అని నాతోనే అన్నాడు. ఎన్నికలో వచ్చిన సమానం పోయి బోర్డులో కూర్చుంది.

సారు ప్రతి సమావేశానికీ వచ్చేవాడు. కుర్చీలో కాదు, వెనక బెంచీ మీద మామూలు సభ్యుడిగా. నేనూ అక్కడే కూర్చునేవాణ్ని, ఫిర్యాదులు చదవడానికి. పిల్లల బెంచీ కాబట్టి ఇద్దరి మోకాళ్లూ గడ్డాలకు తగిలేవి. నేను చదువుతున్నంతసేపూ ఆయన కదలకుండా వినేవాడు. ఎక్కడైనా నేను కాస్త పెంచి చెబితే కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచేవాడు. దాంతో నాకు అక్కడ తడబాటు వచ్చి, అంకె తగ్గించి చదివేవాణ్ని. సమావేశం అయ్యాక అందరూ వెళ్లిపోతే, నల్లబల్ల మీద ఏదైనా మిగిలి ఉంటే తుడిచి, అప్పుడు గది దాటేవాడు. అది ఆయన బడి కాదు, ఆయన బల్ల కాదు.

నాపబండల దగ్గర ఆయనకు ఒక అలవాటు. అవతల ఎవరైనా వస్తుంటే ఎక్కడు. గొడుగు చంకన పెట్టుకుని ఇవతలే నిలబడతాడు, వాళ్లు దాటాకే ఎక్కుతాడు. ఒక రోజు అటు నేను, ఇటు ఆయన ఒకేసారి వచ్చాం. ఆయన ఆగాడు. ఆయన చూపించే మర్యాదను వాడుకుని దాటే అవసరం నాకు లేదు కాబట్టి నేనూ ఆగాను.

"రాప్పా" అన్నాడు.

"మీరు రాండి సార్."

"నువ్వు ముందొచ్చినావు."

"మీరు పెద్దోళ్లు."

కాలువలో నీళ్లు పోతూనే ఉన్నాయి. కొంతసేపటికి గడ్డిమోపు ఎత్తుకుని ఒకామె వచ్చి, మా ఇద్దరినీ చూసి, "ఏందప్పా, ఈడ గేటు పడిందా?" అని దాటిపోయింది. ఆమె వెనకే ఆమె బర్రె దాటింది. మేము దాటలేదు. చివరకు రోడ్డు మీంచి ఆయన భార్య కేకేస్తే, "ఈపొద్దు నువ్వే గెలిచినావులే" అని ఆయన బండలెక్కి వచ్చాడు. అదీ గెలుపేనా అని నేను ఇంటిదాకా ఆలోచించాను.

మూడో వానాకాలం వచ్చింది. పునాది మీద జిల్లేడు మొలిచింది. ఒక పొద్దున మా ఇంటామె బోర్లించిన తొట్టిని నిలబెడుతూ, నా వైపు చూడకుండానే అంది:

"ఆళ్లగడ్డకు పో. ఆ సారును కుర్చీలో కూచోమని అడుగు."

"నా మీద గెలిచినోన్ని గెలవమని నేనే అడుక్కోవాల్నా?"

"అడుక్కో. యాడో ఒకకాడ కల్వర్టు పడితే ఎండాకాలమన్నా బండొస్తాది. ఇంటాయన ఈపొద్దు తొట్టి బోర్లించినాడు, రేపు నన్ను బోర్లిస్తాడు."

పోయాను. ఆళ్లగడ్డలో ఆయన గది విగ్రహాలు చెక్కే కొట్టాల వెనక ఉంది. రోడ్డు వెంట ముక్కు లేని దేవుళ్లు, చేతులు ఇంకా రాని దేవతలు వరసగా నిలబడి ఉన్నారు. గదిలో అన్నిటి మీదా సన్నటి రాతిపొడి. ఆయన పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. ప్రతి కాగితాన్నీ ముందు ఉఫ్ మని ఊది, తరువాత చదువుతున్నాడు. సున్నా వేస్తున్నాడు, పూర్తి మార్కులు వేస్తున్నాడు. అర మార్కు ఎక్కడా లేదు. అడిగితే, "అర మార్కు పిల్లోనికి కాదప్పా, భయపడి సారు తనకు తాను ఏసుకునేది" అన్నాడు. నా ముందు గిన్నె నిండా కారం బొరుగులు పెట్టాడు.

"ఇంతదూరం యాడికొచ్చినావప్పా?"

"మీరు ఆ కుర్చీలో కూచోవాల సార్."

ఎర్రసిరా కలం కింద పెట్టాడు. "నువ్వేనా అడిగేది?"

"నేనే."

"కూచుంటే నా చెయ్యి ఎటు లేస్తాదో తెల్సు గదా?"

"తెల్సు. లేయనీ."

కళ్లద్దాలు తీశాడు గానీ తుడవలేదు. నేను నిజమే చెబుతున్నానని ఆయనకు అర్థమైంది.

"చీటీతో అయితే కూచోను. ఓటుతో అయితే కూచుంటా."

"ఓట్లు అప్పుడే అయిపాయ గదా సార్. సమానం."

"అప్పుడు నీ ఓటు ఎవరికేసినావ్?"

"నాకే. దీంట్లో అడిగేదేముంది?"

"నా ఓటు నీకేసినా" అన్నాడు.

నోట్లో బొరుగులు ఉన్నాయి. నమలడం ఆపాను.

"ఎందుకేసినారు సార్?"

"మా చర్చిలో పెద్దల్ని ఎన్నుకునేటప్పుడు ఎవుని పేరు వాడు రాసుకోడు. మా నాయన రాసుకోల్యా. నేనూ రాసుకోల్యా."

"ఇది చర్చి కాదు గదా సార్. కల్వర్టు!"

"చెయ్యి అదే గదప్పా."

జేబులోంచి సుద్దముక్క తీసి, నేల బండ మీద రాతిపొడిని అరచేత్తో తుడిచి, అంకెలు వేశాడు. ముప్పై ఒకటి, ముప్పై ఒకటి. "నేను నాకేసుకునింటే ఎంత? నాకు ముప్పై రెండు, నీకు ముప్పై. సరేనా? అది జరగల్యా. ఇప్పుడు నీ ఓటు తీసి నాకేస్తే ఎంత? నాకు ముప్పై రెండు, నీకు ముప్పై. ఎటునుంచి చేసినా జవాబు ఒకటే. నీ ఓటు నాకిస్తాండానని ఒక కాయితం రాసియ్యి. అది చీటీ కాదు, ఓటు. వచ్చి కూచుంటా."

నేను లేచాను. చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాను. దారంతా ఒకటే లెక్క. సమానం కాదు, నేను ఓడిపోయి రెండేళ్లు దాటింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలియదు. ఒకే బెంచీ మీద కూర్చుని, మోకాలికి మోకాలు తగులుతూ, నేను ఫిర్యాదులు చదువుతుంటే ఈ మనిషి ఆ మాట కడుపులో పెట్టుకుని విన్నాడు. బస్టాండులో నంద్యాల బస్సు వచ్చింది, పోయింది. ఇంకొకటి వచ్చింది. ఆ బస్సు మెట్టు మీద కాలు పెట్టాక మా ఇంటామె తొట్టి నిలబెట్టడం గుర్తొచ్చింది. కాలు తీశాను.

తిరిగిపోయి కాగితం అడిగాను. చేతి అలవాటు కొద్దీ పైన "ఫిర్యాదు" అని రాశాను. కొట్టేశాను. రెండేళ్ల కింద జరిగిన ఎన్నికలో నా పేరున నేను వేసుకున్న ఓటును ఉత్తరం వరస అభ్యర్థికి ఇష్టపూర్వకంగా ఇస్తున్నానని రాసి సంతకం పెట్టాను. ఇష్టపూర్వకంగా అన్న మాట ఆయన పెట్టమన్నది కాదు. ఎలా పడిందో నాకు తెలియదు. ఆయన చదివి, ఎర్రసిరాతో పక్కన ఒక టిక్కు పెట్టి, "తేదీ వెయ్యి" అన్నాడు.

ఆ రెండో శనివారం ఆయన నా కాగితాన్ని సమావేశంలో నిలబడి చదివాడు. గదిలో అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నా దగ్గర పేర్లున్నాయి. ఆయన నవ్వలేదు. ఖాళీ కుర్చీని చేతిగుడ్డతో దులిపి, కూర్చుని, పుస్తకంలో సంతకం పెట్టాడు. అధ్యక్షుడు కల్వర్టు విషయం ఎత్తాడు. ఉత్తరం అనగానే సారు చెయ్యి లేచింది. ఐదు, నాలుగు.

లేస్తుందని నాకు ముందే తెలుసు. నేనే లేయనీ అన్నాను. అయినా, నేను రాసిచ్చిన ఓటుతో కూర్చున్న మనిషి చెయ్యి, నా కళ్లముందు, నాకు ఎదురుగా లేవడం చూడ్డం వేరు. కిందికి దించేటప్పుడైనా కాస్త తొందరగా దించుతాడనుకున్నాను. అధ్యక్షుడు లెక్క రాసుకునేదాకా నిటారుగా పెట్టే ఉన్నాడు.

బయట వరండాలో పట్టుకున్నాను. "ఇదేనా సార్ న్యాయం? నా ఓటుతో కూచున్నారు గదా!"

"నీదొకటి. కల్వర్టు వాళ్ల కాడ పడాలని నాకేసినోళ్లు ముప్పై ఒక్కరు. ముప్పై ఒక్కరిని ముంచి ఒక్కనికి మంచోన్నయితే, రేపు నువ్వే నా మీద అర్జీ రాయవా?"

రాసేవాణ్నే.

ఉత్తరం కల్వర్టు పడింది. ఎండాకాలంలో ఆ దారినే ఇటుకలు తెచ్చుకుని గోడలు కిటికీల ఎత్తు దాకా లేపాను. ఇంటి ఆసామి మా సామాను వీధిలో పెట్టేస్తే, ఆ గోడల మీదే రేకులు కప్పి కాపురం పెట్టాం. వాన పడింది. చివరి ఇటుకల బండి సరిగ్గా రెండు వరసల నడిమధ్య రేగడిలో ఇరుసు దాకా దిగబడింది. ఎద్దులను విప్పుకుని బండివాడు పోయాడు. బండి నాలుగు రోజులు అక్కడే ఉంది. శనివారం సారు వచ్చి చూశాడు. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, ఇటుకలు ఒక్కొక్కటే దించి మా గుమ్మం దాకా మోయడం మొదలుపెట్టాడు. నేనూ మోశాను. సాయంత్రం దాకా మోశాం. మా ఇంటామె మజ్జిగ ఇస్తే తాగాడు. తరువాతి సమావేశంలో రెండో కల్వర్టు అడిగాను. ఆయన చెయ్యి ఎత్తి వ్యతిరేకించాడు, ఉత్తరం వరసకు ముందు నీళ్ల ట్యాంకు కావాలని. ఆ చేతి మీద ఇటుకల గీతలు ఇంకా ఉన్నాయి.

రెండో ఎన్నిక వచ్చింది. మళ్లీ ఎనిమిది ఏకగ్రీవం, మళ్లీ తొమ్మిదో కుర్చీకి మేమిద్దరం. ఈసారి ప్రశ్న, దక్షిణం కల్వర్టా, ఉత్తరం ట్యాంకా. సగం ప్లాట్లు కొనుక్కుని కొత్తగా చేరిన ముగ్గురితో కలిపి అరవై ఐదు ఓట్లు. కొత్త అధికారి వచ్చాడు. పాత ఫైలు చదివి వచ్చినట్టున్నాడు, సంచిలోంచి సొంత స్టీలు గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు.

ఓటు చీటీ పట్టుకుని తడిక వెనకకు పోయాను. రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. చాలాసేపు నిలబడ్డాను. బయటి నుంచి అధికారి, "ఏందప్పా, ఆడ నిద్రపోతాండావా?" అన్నాడు. వానకు రేకుల కింద మూడు చోట్ల గిన్నెలు పెట్టుకున్న మా ఇల్లు తలచుకున్నాను. నాకే వేసుకున్నాను.

ముప్పై మూడు, ముప్పై రెండు. నేను గెలిచాను. అధికారి గ్లాసును మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. సారు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపి, "లెక్క తేలింది" అని బస్సుకు పోయాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. దక్షిణం కల్వర్టు పడింది. గోడలు లేచాయి, కప్పు పడింది.

గెలిచిన రోజు ఇంటికి నడుస్తూ, బండల మీదికి ఎక్కేదాకా సంతోషంగానే ఉన్నాను. అక్కడ ఆగిపోయాను. సారు ఈసారి ఎవరికి వేశాడు? ఆయన తనకు వేసుకుని ఉంటే నేను నిజంగా గెలిచాను, నా జీవితంలో మొదటిసారి. అలవాటు కొద్దీ నాకే వేసి ఉంటే, ఆయన ఓటు ఆయనకు పోతే ముప్పై రెండు నాకు, ముప్పై మూడు ఆయనకు. అంటే ఓడిపోయి కూర్చున్నాను.

తరువాతి శనివారమే అడిగాను.

"సార్, ఈసారి మీ ఓటు ఎవరికి?"

"చెప్పను."

"పోయినసారి చెప్పినారు గదా!"

"చెప్పి తప్పు చేసినా. నువ్వు కాయితం రాసిచ్చినావు. ఓటు ఏసి చెప్తే అది బేరమప్పా."

ఏడేళ్లు అడిగాను. బస్టాండులో అడిగాను. ఆళ్లగడ్డ పోయి విగ్రహాల మధ్య నిలబడి అడిగాను. ఆయన రిటైరై నంద్యాల వచ్చేశాక, ఉత్తరం కల్వర్టు మీద సాయంత్రం కూర్చునేవాడు, అక్కడ అడిగాను. నేను డైరెక్టరుగా ఉన్నన్నాళ్లూ నీళ్ల ట్యాంకు కోసం ఆయన నాకు వరసగా అర్జీలు పెట్టాడు. అంకెల్లో ఒక్క తప్పు లేకుండా రాసేవాడు. ప్రతి అర్జీకీ జవాబు రాసి, కింద నా ప్రశ్న కూడా రాసేవాణ్ని. దానికి మాత్రం జవాబు రాలేదు. ట్యాంకు కట్టించాను, అప్పుడూ రాలేదు.

చివరిసారి ఆసుపత్రిలో అడిగాను. ఆయాసం. ఆయన భార్య దిండు సరిచేస్తూ, "ఇంకా అదేనాప్పా? ఆయన్ని ఊపిరన్నా తీసుకోనీ" అంది. ఆయన చెయ్యి ఎత్తి ఆమెను ఆపాడు. కళ్లద్దాలు లేకుండా నా వైపు చూసి, "నేను చెప్పేస్తే రేప్పొద్దున నువ్వు ఏం పని మీద తిరుగుతావప్పా?" అన్నాడు. నవ్వినట్టే ఉంది. ఖాయంగా చెప్పలేను.

ఆయన చెప్పకుండా పోయాడు. అది నా మీద ఆయన చేసిన చివరి అన్యాయం. సరే, లెక్కల సారు మీద లెక్కతోనే తేల్చుకుందామనుకున్నాను. ఓటేసింది అరవై ఐదు మంది. నన్నూ ఆయన్నీ తీసేస్తే అరవై మూడు. వాళ్లలో నాకు వేసినవాళ్లు ముప్పై ఇద్దరైతే ఆయన ఓటు నాకు పడలేదు. ముప్పై ఒక్కరైతే పడింది. చిన్న తీసివేత. పుస్తకం పట్టుకుని ఇంటింటికీ బయల్దేరాను. ఉత్తరం వరసా దక్షిణం వరసా తిరిగాను. ప్లాటు అమ్ముకుని అవుకు పోయినవాణ్ని అవుకులో పట్టుకున్నాను. చనిపోయిన నలుగురి తరపున వాళ్ల భార్యలను అడిగాను.

"నీకేలే అప్పా, ఇంగెవరికేస్తాం" అన్నారు. నూనె మిల్లు ఆసామి కూడా అన్నాడు. సారును పేరు పెట్టి నిలబెట్టినవాడు నా చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు. పుస్తకంలో వరసగా రాసుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి కూడాను. అరవై ముగ్గురూ నాకే వేశారు.

నాకు వేశానని చెప్పనివాడు ఆయన ఒక్కడే.